గో వెస్ట్ (పాట)

‘గో వెస్ట్’ అమెరికా డిస్కో బృందం విలేజ్ పీపుల్ 1979లో విడుదల చేసిన పాట. బ్రిటన్‌కు చెందిన పెట్ షాప్ బాయ్స్ ద్వయం 1993లో దీన్నే కొత్త హంగులతో పాడి విడుదల చేసింది. ఆ కవర్ వెర్షన్ ధాటికి మూలం దాదాపు మరుగున పడింది. రెండింటి మధ్య సాహిత్యంలో తేడా కొద్దిపాటిదే. నడుమ గడిచిన పద్నాలుగేళ్లలో ఆ పాటను తమదనుకున్న గే శ్రోతల బతుకులు మాత్రం తలకిందులయ్యాయి. అందుకే ఒకే పల్లవి మొదటిసారి ఆశగానూ రెండోసారి సంస్మరణగానూ వినిపిస్తుంది.

మూలం

విలేజ్ పీపుల్‌కు సూత్రధారి జాక్ మొరాలీ అనే ఫ్రెంచి నిర్మాత. న్యూయార్క్‌లోని గ్రెనిచ్ విలేజ్ పేరు మీద 1977లో ఈ బృందాన్ని కట్టాడు. పోలీసు, కౌబాయ్, సైనికుడు, తోలు దుస్తుల మోటార్‌సైకిల్ వీరుడు, తలపై ఈకలతో ఆదివాసీ అమెరికన్, ఇలా ఒక్కొక్కరిదీ ఒక్కో వేషం. ఈ వేషాల ఆలోచన అతనికి అక్కడి గే క్లబ్బుల్లోనే పుట్టింది. 1978 నాటి ‘వైఎంసీఏ’ అమెరికాలో రెండో స్థానానికి, బ్రిటన్‌లో మొదటి స్థానానికి చేరాక బృందం పేరు ప్రపంచమంతా పాకింది.

‘గో వెస్ట్’ అదే పేరుతో వచ్చిన ఆల్బమ్‌లోది. రచన, స్వరకల్పన మొరాలీ, అతని భాగస్వామి ఆన్రీ బెలోలో, ప్రధాన గాయకుడు విక్టర్ విల్లిస్ పేర్ల మీద ఉన్నాయి. కాసాబ్లాంకా రికార్డ్స్ విడుదల చేసింది. పడమటికి పదమనే పిలుపు అమెరికన్లకు పాతదే. 19వ శతాబ్దంలో తూర్పు తీరపు జనాన్ని పడమటి భూముల వైపు ఉసిగొల్పిన ఆ నినాదం న్యూయార్క్ ట్రిబ్యూన్ సంపాదకుడు హొరేస్ గ్రీలీ పేరుతో ముడిపడిపోయింది, మొదట అన్నది ఆయనేనా అన్న వాదం ఇంకా తెగకపోయినా. ఆ వలసలో భూములు పోగొట్టుకున్న ఆదివాసుల వేషం వేసినవాడు కూడా బృందంలో నిలబడి ఈ పాటే పాడాడు. ఈ వైచిత్రిని అప్పట్లో పెద్దగా ఎవరూ పట్టించుకున్నట్టు లేదు.

1979 నాటి గే శ్రోతకు పడమర అంటే శాన్‌ఫ్రాన్సిస్కో. ఇంట్లో చెప్పుకోలేక, ఊళ్లో ఇమడలేక బయలుదేరిన యువకులు ఆ నగరంలోని కాస్ట్రో పేటకు చేరుతున్న కాలమది. తాను గే అని దాచుకోకుండా ఎన్నికల్లో గెలిచిన అక్కడి ప్రజాప్రతినిధి హార్వీ మిల్క్ 1978 నవంబరు 27న హత్యకు గురయ్యాడు. ఆ గాయం ఆరకముందే వచ్చిన ఈ పాటలో దిగులు జాడ కనపడదు. కలిసి వెళ్దాం, అక్కడ స్వేచ్ఛగా బతుకుదాం, ఇంతే సంగతి. అమెరికాలో ఇది 45వ స్థానం దగ్గరే ఆగిపోయింది, బ్రిటన్‌లో 15 దాకా వెళ్లింది. డిస్కో మీద అమెరికాలో అప్పటికే ఏవగింపు మొదలైంది. ఆ ఏడాది జులై 12న షికాగోలోని కొమిస్కీ పార్క్ బేస్‌బాల్ మైదానంలో జనం తెచ్చిన డిస్కో రికార్డులను గుట్టపోసి పేల్చేశారు.

మధ్యకాలం

రెండేళ్లు తిరక్కుండానే, 1981 జూన్‌లో, తర్వాత ఎయిడ్స్‌గా పేరుపడిన వ్యాధి గురించిన తొలి నివేదిక అమెరికాలో వెలువడింది. ఏ నగరానికి రమ్మని పాట పిలిచిందో ఆ నగరాన్నే అది ఘోరంగా దెబ్బతీసింది. మొరాలీ కూడా 1991 నవంబరు 15న ఎయిడ్స్‌తోనే చనిపోయాడు. కవర్ వెర్షన్ అతను వినలేదు.

పెట్ షాప్ బాయ్స్ వెర్షన్

నీల్ టెనెంట్, క్రిస్ లోవ్‌ల పెట్ షాప్ బాయ్స్‌కు సినీ దర్శకుడు డెరెక్ జార్మన్ పాత స్నేహితుడు. 1987లో వాళ్ల ‘ఇట్స్ ఎ సిన్’ వీడియో తీసింది ఆయనే. హెచ్‌ఐవీ ఉందని బహిరంగంగా చెప్పుకున్న జార్మన్, 1992 మేలో మాంచెస్టర్‌లోని హసియెండా క్లబ్బులో ఎయిడ్స్ సహాయార్థం జరిగిన కార్యక్రమంలో పాడమని వాళ్లను అడిగాడు. ‘గో వెస్ట్’ పాడదామన్నది లోవ్. టెనెంట్‌కు మొదట ఏమాత్రం రుచించలేదు. 17వ శతాబ్దపు జర్మన్ స్వరకర్త పాకెల్‌బెల్ ‘కానన్’లోని స్వరమేళనాల వరసే దీనిలోనూ నడుస్తోందని లోవ్ ఎత్తి చూపాక దారికొచ్చాడు. 1992 క్రిస్మస్‌కు విడుదల చేయాలనుకున్న రికార్డింగు వాయిదా పడి, మళ్లీ పనిచేశాక, 1993 సెప్టెంబరులో వచ్చింది.

విలేజ్ పీపుల్ రికార్డులో డిస్కో దరువు, విల్లిస్ నిండు గొంతు పాటను మోస్తాయి. పెట్ షాప్ బాయ్స్ రికార్డు సముద్రపు హోరుతో, సీగల్ పక్షుల అరుపులతో మొదలవుతుంది. తర్వాత సింథసైజర్లు, బాకాలు, వాటి వెనుక మగవాళ్ల బృందగానం. ఆ బృందగానం చర్చి పాటకూ సైనిక కవాతుకూ మధ్యలో ఎక్కడో నిలుస్తుంది. సోవియట్ జాతీయ గీతం గుర్తొచ్చిందన్నవాళ్లూ ఉన్నారు. దాని ముందు టెనెంట్ గొంతు పల్చగా, ఉద్రేకం లేకుండా సాగుతుంది. కవర్ వెర్షన్ బలమంతా ఈ పొంతన లేనితనంలోనే ఉందని చెప్పాలి. వెనుక వందమంది నమ్మకంగా పాడుతుంటే, ముందున్న ఒక్కడూ ఆ చోటు ఇక లేదని ఎరిగినవాడిలా పాడతాడు. మధ్యలో వాళ్లు కొత్తగా రాసి కలిపిన చరణం కూడా ఉంది.

సోవియట్ యూనియన్ కూలి రెండేళ్లు కూడా నిండని రోజులవి. హోవర్డ్ గ్రీన్‌హాల్ తీసిన వీడియో పడమర అన్న మాటను అటు తిప్పేసింది. కొంత భాగం మాస్కో ఎర్ర కూడలిలో చిత్రీకరించారు. ద్వయంలో ఒకరిది నీలం దుస్తులు, మరొకరిది పసుపు, ఇద్దరి నెత్తిన బోర్లించిన గిన్నెలాంటి టోపీలు. కంప్యూటర్‌తో గీసిన ఆకాశంలోకి మెట్లు, వాటి మీద ఒకే అచ్చులో పోసిన యువకుల కవాతు, మరోపక్క స్వేచ్ఛా ప్రతిమ వేషంలో గాయని సిల్వియా మేసన్ జేమ్స్. వెటకారమా, ఉత్సవమా అన్నది తేల్చకుండానే వీడియో ముగుస్తుంది.

సింగిల్ బ్రిటన్‌లో రెండో స్థానానికి, జర్మనీలో మొదటి స్థానానికి చేరింది. దీన్ని చివరి పాటగా పెట్టుకున్న ‘వెరీ’ ఆల్బమ్ బ్రిటన్‌లో మొదటి స్థానం అందుకుంది. సీడీని ఆపకుండా వదిలేస్తే, రెండు నిమిషాల నిశ్శబ్దం తర్వాత అట్ట మీద పేరు లేని చిన్న పాట ఒకటి లోవ్ గొంతులో వస్తుంది. జార్మన్ 1994 ఫిబ్రవరి 19న కన్నుమూశాడు.

స్టేడియాల్లో

ఆ తర్వాతి నెలలోనే బాణీ మరో దారి పట్టింది. యూరోపియన్ కప్ విన్నర్స్ కప్ సెమీఫైనల్ తొలి అంచె ఆడడానికి ఆర్సెనల్ ఫుట్‌బాల్ జట్టు పారిస్ వెళ్లింది. అక్కడి అభిమానులు ఈ వరసకు తమ మాటలు కట్టి పాడుతుంటే ఆర్సెనల్ అభిమానులు విని ఎత్తుకున్నారని చెబుతారు. వాళ్లు దానికి తగిలించింది తమ జట్టు 1-0 ఆధిక్యంలో ఉందన్న ఒక్క ముక్కే. జార్జ్ గ్రేయం శిక్షణలో ఒక గోలు కొట్టి గోడ కట్టేసే జట్టుగా పేరుపడ్డ ఆర్సెనల్‌కు అది అతికినట్టు సరిపోయింది. ఆ మ్యాచ్ 1-1తో ముగిసినా, రెండో అంచెను 1-0తో గెలిచారు. మే 4న కోపెన్‌హాగన్‌లో పార్మాతో జరిగిన ఫైనల్‌లో అలన్ స్మిత్ గోలుతో మళ్లీ అదే స్కోరుకు కప్పు గెలిచారు. జర్మనీలోనూ షాల్కె వంటి క్లబ్బుల అభిమానులు తోటివాళ్లను లేచి నిలబడమని ఈ బాణీలోనే పిలుస్తారు.