రెండు ఠాణాలు, ఒకే ప్రశ్న

1978 మార్చి నెలాఖరున హైదరాబాదులో ఒక రాత్రి, సినిమా చూసి భర్తతో ఇంటికి వెళుతున్న పద్దెనిమిదేళ్ల యువతిని నల్లకుంట పోలీసులు ఠాణాకు పట్టుకుపోయారు. అక్కడ ఆమెపై అత్యాచారం జరిగింది. ఇదేమిటని నిలదీసిన భర్తను పోలీసులు కొట్టారు. ఆ దెబ్బలకు అతను చనిపోయాడు. రిక్షా తొక్కి బతికే మనిషి. మర్నాడు వేలమంది జనం శవాన్ని తీసుకొచ్చి ఠాణా ముందు పెట్టారు. రాళ్లు పడ్డాయి, కాల్పులు జరిగాయి, నగరంలో కర్ఫ్యూ పెట్టారు.

ఆ కేసును నేటికీ ఆమె పేరుతోనే పిలుస్తారు. ఆ పేరు ఇక్కడ రాయడం లేదు. అత్యాచారానికి గురైన స్త్రీ పేరు అచ్చు వేయరాదనే నిబంధన 1983లో శిక్షాస్మృతిలోకి వచ్చింది. ఆ సవరణకు దారితీసిన స్త్రీలకు మాత్రం ఆ రక్షణ దక్కలేదు.

ప్రభుత్వం హైకోర్టు న్యాయమూర్తి జస్టిస్ ముక్తదర్‌తో విచారణ సంఘం వేసింది. సంఘం ముందు పోలీసుల పక్షం వాదన ఎటు నడిచిందో గమనించాలి. ఆ రాత్రి ఠాణాలో ఏం జరిగిందన్నది పక్కకు పోయింది. ఆమె ఎవరెవరిని పెళ్లాడింది, చనిపోయిన మనిషి నిజంగా ఆమె భర్తేనా, ఆమె వేశ్య కాదా అన్నవే ప్రశ్నలయ్యాయి. అందుకు సాక్షులను కూడా తెచ్చి నిలబెట్టారు. భర్తను పోగొట్టుకున్న మనిషి, తాను అతని భార్యనేనని రుజువు చేసుకోవాల్సి వచ్చింది. ముక్తదర్ సంఘం ఈ వాదనకు లొంగలేదు. అత్యాచారానికీ హత్యకూ పోలీసులే బాధ్యులని తేల్చి, వారిపై కేసు నడపాలని చెప్పింది. ఆ కేసు కర్ణాటకలోని రాయచూరుకు బదిలీ అయింది. 1981లో అక్కడి సెషన్స్ కోర్టు పోలీసులను నిర్దోషులుగా వదిలేసింది.

స్త్రీ నడతను బట్టి ఆమె మాటను తూచవచ్చా అన్న ఇదే ప్రశ్న అప్పటికే మరో కేసులో సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1972 మార్చి 26 రాత్రి, మహారాష్ట్ర చంద్రపూర్ జిల్లా దేశాయిగంజ్ ఠాణా. తల్లిదండ్రులు లేని ఆదివాసీ పిల్ల, కూలి పని చేసుకునేది. వైద్యుల అంచనా ప్రకారం వయసు 14 నుంచి 16 ఏళ్లు. అన్న ఇచ్చిన ఫిర్యాదు మీద వాంగ్మూలం ఇవ్వడానికి వచ్చింది. అందరినీ పంపేసి ఆమెను మాత్రం లోపలే ఉంచారు. ఠాణాలో దీపాలు ఆర్పేసి ఉండటం చూసి బయట ఉన్నవాళ్లకు అనుమానం వచ్చింది. జనం పోగయ్యి, ఠాణా తగలబెడతామని బెదిరిస్తే తప్ప అత్యాచారం ఫిర్యాదు కాగితం మీదికి ఎక్కలేదు.

సెషన్స్ కోర్టు ఆమెను అబద్ధాలకోరు అంది. ఆమెకు అంతకుముందే లైంగిక అనుభవం ఉందన్న వైద్య నివేదికను పట్టుకుని, ఇష్టపడే లోబడిందని తేల్చింది. 1976లో బొంబాయి హైకోర్టు నాగపూర్ ధర్మాసనం దీన్ని తిప్పికొట్టింది. భయంతో లొంగిపోవడం వేరు, సమ్మతించడం వేరు అని చెప్పి ఒక కానిస్టేబుల్‌కు అయిదేళ్లు, మరొకరికి ఏడాది శిక్ష వేసింది. ఈ కేసు చరిత్ర మొత్తంలో అంత తేటగా మాట్లాడిన తీర్పు అదొక్కటే. రెండేళ్లకే, 1978 సెప్టెంబరులో, సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. ఒంటిమీద గాయాలు లేవు, కేకలు వేసినట్టు రుజువు లేదు, కనుక ప్రతిఘటించలేదు అన్నది కోర్టు తర్కం. రాత్రివేళ తలుపులు మూసిన ఠాణాలో యూనిఫాం వేసుకున్న మగవాళ్ల మధ్య చిక్కుకున్న పిల్ల కేకవేస్తే ఎవరు వింటారు, ఎవరు వస్తారు? ఆ ప్రశ్న తీర్పులో ఎక్కడా కనిపించదు.

ఏడాది పాటు ఆ తీర్పును ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 1979 సెప్టెంబరులో ఉపేంద్ర బక్షి, లోతికా సర్కార్, వసుధా ధాగంవార్, రఘునాథ్ కేల్కర్ అనే నలుగురు న్యాయశాస్త్ర అధ్యాపకులు భారత ప్రధాన న్యాయమూర్తికి బహిరంగ లేఖ రాశారు. సుప్రీంకోర్టును ఆ భాషలో తప్పుపట్టడం అప్పటికి మామూలు విషయం కాదు. లేఖ చేతులు మారింది, పత్రికలకెక్కింది. 1980 మార్చి 8న అనేక నగరాల్లో స్త్రీలు వీధుల్లోకి వచ్చారు. బొంబాయిలో అత్యాచార వ్యతిరేక వేదిక పుట్టింది. హైదరాబాదులో 1978లోనే ఏర్పడిన స్త్రీశక్తి సంఘటన అనే మహిళా సంఘం అప్పటికే నల్లకుంట బాధను దగ్గరగా చూసింది. తెలంగాణ సాయుధ పోరాటంలోని స్త్రీల కథనాలను తరువాత ‘మనకు తెలియని మన చరిత్ర’గా తెచ్చింది కూడా ఆ సంఘమే. ఒక ఠాణాలో గొంతు నొక్కబడిన స్త్రీ మాట వినాలన్న పట్టుదల నుంచే, చరిత్ర వదిలేసిన స్త్రీల మాటలు వినాలన్న పట్టుదలా వచ్చిందని నా నమ్మకం.

1980 ఏప్రిల్‌లో లా కమిషన్ అత్యాచార చట్టంపై తన 84వ నివేదిక ఇచ్చింది. 1983లో చట్టం మారింది. పోలీసు, జైలు, ఆసుపత్రి అధికారుల అదుపులో జరిగే అత్యాచారానికి కనీసం పదేళ్ల శిక్ష వచ్చింది. అలాంటి కేసుల్లో కలయిక జరిగినట్టు రుజువై, తాను ఒప్పుకోలేదని ఆమె కోర్టులో చెబితే, ఒప్పుకోలేదనే కోర్టు భావించాలని సాక్ష్య చట్టంలో 114ఎ సెక్షన్ చేరింది. అది చిన్న గెలుపు కాదు. అయితే మహిళా సంఘాలు గట్టిగా కోరిన ఇంకొకటి మిగిలిపోయింది. ఫిర్యాదు చేసిన స్త్రీ నడత మంచిది కాదని చూపి ఆమె సాక్ష్యాన్ని దెబ్బతీసే వెసులుబాటు అదే సాక్ష్య చట్టం 155వ సెక్షన్‌లో ఉండేది. నల్లకుంట కేసులో పోలీసుల పక్షం నడిచిన దారి అదే. పార్లమెంటు దాన్ని ముట్టుకోలేదు. అది తొలగిపోవడానికి 2002 సవరణ చట్టం దాకా ఆగాల్సి వచ్చింది. ఈ రెండు దశాబ్దాల్లో ఎంతమంది ఆడపిల్లలు బోనులో నిలబడి తమ నడత గురించి జవాబులు చెప్పుకున్నారో ఏ నివేదికలోనూ లేదు.

చట్టంలోంచి పోయింది వైద్య పరీక్షలో మాత్రం బతికింది. స్త్రీ ‘అలవాటు పడింది’ అని రాసే రెండు వేళ్ల పరీక్ష ఆమె గౌరవాన్ని హరిస్తుందని సుప్రీంకోర్టు 2013లో అంది. అయినా అది ఆగలేదు. 2022 అక్టోబరులో అదే కోర్టు ఇకపై ఆ పరీక్ష చేసేవారిది దుష్ప్రవర్తనే అవుతుందని హెచ్చరించి, వైద్య కళాశాలల పాఠ్యాంశాలను సమీక్షించాలని ఆదేశించింది.