ఫాగర్లకు వేరే కంపెనీ రిమోట్ అమర్చుకోవడం: కోళ్ల షెడ్ల రైతులు గమనించాల్సిన విషయాలు

జనగామ జిల్లా పాలకుర్తి వంటి ప్రాంతాల్లో ఏప్రిల్, మే నెలల్లో పగటి ఉష్ణోగ్రత 42 డిగ్రీలు దాటే రోజులు ఎక్కువ. కోడికి చెమట గ్రంథులు లేవు. నోరు తెరిచి రొప్పడం ఒక్కటే దానికి ఒంటి వేడిని తగ్గించుకునే ప్రధాన మార్గం. షెడ్డులో వేడి 35 డిగ్రీలు దాటిందంటే పెరిగిన బ్రాయిలర్ కోళ్లు మేత తగ్గిస్తాయి. 40 దగ్గరకు వస్తే వడదెబ్బతో మరణాలు మొదలవుతాయి. అందుకే చాలామంది రైతులు షెడ్లలో ఫాగర్లు పెట్టించుకున్నారు. మధ్యాహ్నం పూట పొలంలోనో, ఇంటి దగ్గరో ఉన్నప్పుడు వాటిని నడపడానికి రిమోట్ కూడా తీసుకుంటున్నారు.

ఆ రిమోట్ పోయినప్పుడు, నీళ్లలో పడి పాడైనప్పుడు ఇబ్బంది మొదలవుతుంది. ఫాగర్ ప్యానెల్ అమ్మిన కంపెనీ దగ్గర విడిగా రిమోట్ దొరకదు. బజారులో కొన్నది నొక్కితే ప్యానెల్ పలకదు. చూడటానికి రెండూ ఒకేలా ఉంటాయి, బటన్లూ అవే. అయినా ఎందుకు కలవవో తెలిస్తే, ఏది మార్చాలో ఏది ముట్టుకోకూడదో అర్థమవుతుంది.

రిమోట్, ప్యానెల్ ఎందుకు కలవవు?

ముందు అది ఏ రకం రిమోట్ అన్నది చూడాలి. టీవీ రిమోట్ లాగా ముందువైపు చిన్న గాజు బల్బు ఉంటే అది ఇన్‌ఫ్రారెడ్ రకం. మొబైల్ కెమెరా ముందు పెట్టి బటన్ నొక్కితే ఆ బల్బు మెరవడం చాలా ఫోన్లలో కనబడుతుంది. ఈ రకం గోడ అవతలి నుంచి పనిచేయదు, ఎండలో ఇంకా బలహీనపడుతుంది. షెడ్లకు పనికివచ్చేది రేడియో రకమే.

రేడియో రిమోట్లలో మూడు విషయాలు కలవాలి. మొదటిది ఫ్రీక్వెన్సీ. మన దగ్గర అమ్మే చిన్న రిమోట్లు ఎక్కువగా 433 మెగాహెర్ట్జ్‌వి. దిగుమతి అయిన కొన్ని సెట్లలో 315 ఉంటుంది. రిమోట్ వెనుక మూత తీసి, లోపలి గుండ్రని లోహపు డబ్బీ మీద ఆర్ 433 అనో, ఆర్ 315 అనో ఉందేమో చూడండి. ఒకటి 433, ఇంకొకటి 315 అయితే ఎన్ని బటన్లు నొక్కినా ఫలితం ఉండదు.

రెండోది కోడ్. పాత రకం పీటీ 2262 చిప్‌లో ఎనిమిది కాళ్లకు చిరునామా పెడతారు. ఒక్కొక్క కాలును ప్లస్‌కు గానీ మైనస్‌కు గానీ అతికించవచ్చు, దేనికీ కలపకుండానూ వదలవచ్చు. రిసీవర్‌లో ఉన్న క్రమాన్నే రిమోట్‌లోనూ అతికిస్తే రెండూ కలుస్తాయి. దాంతోపాటు చిప్ పక్కనుండే రెసిస్టర్ విలువ కూడా రిసీవర్‌కు తగిన జోడీ కావాలి. కొత్త రకం ఈవీ 1527 చిప్‌లలో కోడ్ తయారీలోనే ముద్రించి వస్తుంది, దాన్ని మార్చలేం. రిసీవరే ఆ కోడ్‌ను నేర్చుకోవాలి.

మూడోది రోలింగ్ కోడ్. నొక్కిన ప్రతిసారీ కోడ్ మారిపోయే రకం ఇది. గేట్లకు, కార్లకు వాడతారు. మీ ప్యానెల్ రోలింగ్ కోడ్‌ది అయితే బయటి రిమోట్‌తో నడిపించే ప్రయత్నం మానుకోవడం మంచిది.

రిమోట్‌ను కాదు, రిసీవర్‌ను మార్చండి

పాత ప్యానెల్‌కు సరిపోయేలా కొత్త రిమోట్‌ను విప్పి, అతికించి, కోసి కష్టపడటం కంటే, కొత్త రిమోట్‌తో పాటే వచ్చే చిన్న రిసీవర్‌ను ప్యానెల్‌లో చేర్చడం తేలిక. రిమోట్, రిసీవర్ జతగా కొన్ని వందల రూపాయలకే దొరుకుతాయి. నేర్చుకునే రకం రిసీవర్ మీద చిన్న బటన్ ఉంటుంది. దాన్ని ఒకసారి నొక్కి వదిలి, దీపం వెలిగాక రిమోట్ బటన్ నొక్కితే కోడ్ నమోదవుతుంది. చాలా రకాల్లో ఆ బటన్‌ను పది సెకన్ల దాకా పట్టి ఉంచితే పాత కోడ్లన్నీ చెరిగిపోతాయి. పోయిన రిమోట్ ఎవరి చేతికైనా చిక్కిందనుకుంటే ముందు ఇలా చెరిపేయాలి.

రిసీవర్‌లో ఉండే రిలే ఒక స్విచ్ మాత్రమే. దానికి ఫాగర్ ఏ కంపెనీదో, పంపు ఏ కంపెనీదో సంబంధం లేదు. ప్యానెల్ మీద మీ వేలు నొక్కే పనిని ఆ రిలే చేస్తుంది, అంతే. కాబట్టి వేలితో నొక్కే బటన్ ఉన్న ఏ స్టార్టరుకైనా రిమోట్ పెట్టుకోవచ్చు.

పెళ్లి వేదికల మీద పొగ వదిలే మిషన్ల రిమోట్లు తెచ్చి ఫాగర్లకు తగిలించే ఆలోచన మాత్రం వద్దు. వాటిలో కొన్నిటికి తీగతో వచ్చే రిమోట్‌లో 230 వోల్టుల కరెంటే నేరుగా ఉంటుంది. తడి చేతులతో పట్టుకునే చోట అది ప్రాణాంతకం.

మోటారు కరెంటును రిలే మీదుగా పంపరాదు

రిసీవర్ మీద 10 ఆంపియర్లు, 250 వోల్టులు అని రాసి ఉంటుంది. ఒక హెచ్‌పీ సింగిల్ ఫేజ్ పంపు నడిచేటప్పుడు ఐదారు ఆంపియర్లే తీసుకుంటుంది కదా, సరిపోతుందనుకుని నేరుగా రిలేకు కలిపేస్తుంటారు. మోటారు కదిలే క్షణంలో దానికి ఐదారు రెట్ల కరెంటు లాగుతుంది. కొన్ని రోజులకు రిలే పలకలు వేడికి ఒకదానికొకటి అతుక్కుపోతాయి. ఇక రిమోట్ మీద ఆఫ్ నొక్కితే రిసీవర్ దీపం ఆరుతుంది, పంపు మాత్రం ఆగదు.

దీని నష్టం లెక్క వేసి చూడండి. నాలుగు ముక్కుల ఫాగర్ ఒకటి 4 కిలోల ఒత్తిడి దగ్గర గంటకు సుమారు 28 లీటర్లు చిమ్ముతుంది. 40 ఫాగర్లున్న షెడ్డులో గంటకు 1,120 లీటర్లు. మీరు పొలంలో ఉండి ఆగిందనుకున్న పంపు రెండు గంటలు నడిస్తే 2,000 లీటర్లకు పైగా నీరు వరి ఊక మీద పడినట్టే. తడిసిన లిట్టరులో అమ్మోనియా ఘాటు పెరుగుతుంది, రక్త పారుడు వ్యాధి వస్తుంది, కోళ్ల కాళ్లు పుండ్లు పడతాయి. అందువల్ల రిమోట్ అమర్చేటప్పుడు పంపు ఎంత దూరం నుంచి మొదలవుతుందన్న దానికంటే, ఏది చెడిపోయినా ఆగుతుందా అన్నదే ముందు చూడాలి.

రిలే కాంటాక్టర్ కాయిల్‌ను మాత్రమే నడపాలి. మోటారు కరెంటును కాంటాక్టర్ మోస్తుంది. ఓవర్‌లోడ్ రిలే, సింగిల్ ఫేజింగ్ ప్రివెంటర్ ఎప్పటిలాగే ఉండాలి, రిమోట్ తీగలు వాటిని దాటవేసేలా కలపరాదు.

త్రీ ఫేజ్ స్టార్టర్ ఉన్నవారు ఇక్కడ మరింత జాగ్రత్త పడాలి. చాలా స్టార్టర్లలో కాయిల్ రెండు ఫేజుల మధ్య 415 వోల్టులతో పనిచేస్తుంది. గ్రీన్ బటన్, రెడ్ బటన్ తీగల్లో ఉండేదీ ఆ కరెంటే. 250 వోల్టుల రిలేను అక్కడ తగిలిస్తే లోపల నిప్పురవ్వలు లేచి కాలిపోతుంది. మధ్యలో 230 వోల్టుల కాయిల్, 415 వోల్టులకు తగిన పలకలు ఉన్న సహాయక కాంటాక్టర్లు పెట్టి, వాటి పలకలను స్టార్టర్ బటన్లకు కలపాలి. 230 వోల్టుల కోసం న్యూట్రల్ లేదని ఎర్త్ తీగను న్యూట్రల్‌గా వాడటం కొన్నిచోట్ల కనిపిస్తుంది. ఎర్తింగ్ ఎండిపోయిన వేసవిలో పంపు, పైపు, ప్యానెల్ డబ్బా అన్నిటికీ కరెంటు వస్తుంది. ఈ పని ఎవరు చేయబోయినా ఒప్పుకోవద్దు. న్యూట్రల్ లేని చోట 415ను 230కి తగ్గించే చిన్న కంట్రోల్ ట్రాన్స్‌ఫార్మర్ దొరుకుతుంది.

ఆన్‌కు ఒక బటన్, ఆఫ్‌కు ఇంకో బటన్

ఒకే బటన్‌తో ఒకసారి నొక్కితే ఆన్, మళ్లీ నొక్కితే ఆఫ్ అయ్యే పద్ధతిలో రిసీవర్‌ను పెట్టవద్దు. దూరం నుంచి నొక్కినప్పుడు సిగ్నల్ అందిందో లేదో తెలియదు. రెండోసారి నొక్కుతారు, ఆన్ అయిన పంపు ఆగిపోతుంది. రెండు చానెళ్ల రిసీవర్ తీసుకుని, నొక్కినంతసేపే పనిచేసే పద్ధతిలో ఉంచాలి. మొదటి చానెల్ పలకలు గ్రీన్ బటన్‌కు సమాంతరంగా, రెండో చానెల్‌లో మామూలుగా మూసి ఉండే పలకలు రెడ్ బటన్‌తో వరుసలో కలపాలి. ఇలా చేస్తే కరెంటు పోయి వచ్చినప్పుడు పంపు దానంతటది మొదలు కాదు.

2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల కరెంటు ఇచ్చినప్పుడు బోరు మోటార్లకు ఆటో స్టార్టర్లు తీసేయాలని ప్రభుత్వం రైతులను కోరిన సంగతి గుర్తుండే ఉంటుంది. కరెంటు రాగానే మోటార్లన్నీ ఒక్కసారిగా లేస్తే ట్రాన్స్‌ఫార్మర్ మీద భారం పడుతుంది. ఫాగర్ పంపు విషయంలో ఇంకో ముప్పు ఉంది. రాత్రి రెండు గంటలకు కరెంటు వచ్చి ఫాగర్లు వాటంతటవే మొదలైతే తెల్లారేదాకా చూసేవారుండరు.

దీనితోపాటు ఒక టైమర్ తప్పక పెట్టించుకోవాలి. పంపు మొదలైన నిర్ణీత నిమిషాలకు కాయిల్ దారిని తెంచేలా టైమర్ పలకలను రెడ్ బటన్ వరుసలోనే కలుపుతారు. రిమోట్ బ్యాటరీ అయిపోయినా, మీరు మరిచిపోయినా పంపు ఆగుతుంది. టైమర్ వోల్టేజీ కాయిల్ వోల్టేజీతో సరిపోవాలి. నీళ్ల ట్యాంకు ఖాళీ అయితే ఆపే ఫ్లోట్ స్విచ్‌ను కూడా ఇదే వరుసలో చేర్చుకుంటే పంపు ఎండగా తిరిగి సీలు కాలిపోదు. కాయిల్ 415 వోల్టులదైతే మామూలు ఫ్లోట్ స్విచ్‌ను నేరుగా కాకుండా సహాయక కాంటాక్టర్ ద్వారానే కలపాలి.

ఫ్యాన్లు ఆగి ఉండగా ఫాగర్లు నడిస్తే షెడ్డు ఆవిరి గదిలా మారుతుంది. ఫ్యాన్ల కాంటాక్టర్‌లోని అదనపు పలకల ద్వారా ఫాగర్ కాయిల్ దారి వెళ్లేలా చేయిస్తే, ఫ్యాన్లు లేకుండా ఫాగర్లు మొదలు కావు.

రిమోట్‌కు తెలియనిది: గాలిలో తేమ

పొగమంచు చల్లదనం ఇచ్చేది నీరు ఆవిరైనప్పుడే. గాలి ఎండగా ఉంటేనే నీరు ఆవిరవుతుంది. బయట 42 డిగ్రీలు, తేమ 20 శాతం ఉంటే ఆవిరితో గాలి చల్లబడగల అడుగు హద్దు సుమారు 24 డిగ్రీలు. ఫాగర్లతో అందులో కొంతే సాధించగలిగినా మేలు ఎక్కువే. అదే వాన కురిసి వెలిసిన సాయంత్రం 34 డిగ్రీలు, తేమ 70 శాతం ఉంటే ఆ హద్దు 29 దగ్గరే ఆగిపోతుంది. అప్పుడు ఫాగర్లు వేస్తే చల్లదనం కంటే తేమే పెరుగుతుంది, కోడి రొప్పినా వేడి బయటకు పోదు.

షెడ్డులో రెండు మామూలు థర్మామీటర్లు పక్కపక్కన వేలాడదీసి, ఒకదాని బుడ్డికి తడి నూలు గుడ్డ చుట్టండి. గుడ్డ చివర నీళ్ల సీసాలో ఉండాలి. రెండిటి మధ్య తేడా పది డిగ్రీలు ఉంటే ఫాగర్లు బాగా పనిచేస్తాయి. ఐదు డిగ్రీల కంటే తగ్గితే ఫాగర్లు ఆపి, ఫ్యాన్లు మాత్రమే నడపాలి. ఈ తేడా షెడ్డులోకి వెళ్లి చూస్తేనే తెలుస్తుంది. పొలంలో కూర్చుని ఎండ చూసి రిమోట్ నొక్కితే తెలియదు.

ఒకటి రెండు నిమిషాలు నడిపి, ఐదు పది నిమిషాలు ఆపడం సాధారణ పద్ధతి. లిట్టరును చేత్తో పిడికిలి పట్టి చూస్తూ మీ షెడ్డుకు తగినట్టు మార్చుకోండి. ముద్ద కడితే తడి ఎక్కువైనట్టు.

సిగ్నల్ అందకపోతే

రేకుల షెడ్డు, ఇనుప జాలీ, ఇనుప ప్యానెల్ డబ్బా మూడూ రేడియో తరంగాలను అడ్డుకుంటాయి. రిసీవర్‌ను ఇనుప డబ్బాలో పెట్టి మూత వేస్తే పది గజాలకు కూడా అందకపోవచ్చు. రిసీవర్‌కు వచ్చే చిన్న తీగే యాంటెన్నా. 433 మెగాహెర్ట్జ్‌కు దాని పొడవు 17 సెంటీమీటర్లు ఉండాలి. చుట్టి పెట్టకుండా, నిలువుగా, డబ్బా బయట ప్లాస్టిక్ గొట్టంలో ఉంచాలి. పొడవు ఎక్కువైతే దూరం పెరుగుతుందని మీటరు తీగ కలపడం వల్ల లాభం లేదు. రిసీవర్ డబ్బా ఫాగర్ల తుంపర పడని చోట, నీరు చొరబడనిదిగా ఉండాలి.

పక్క షెడ్డువారు కూడా అదే పాత రకం రిమోట్ కొని ఉంటే, ఎనిమిది కాళ్లూ ఖాళీగా వదిలిన కోడ్ రెండు చోట్లా ఒకటే అవుతుంది. వారు నొక్కితే మీ ఫాగర్లు మొదలవుతాయి. కొనగానే చిరునామా మార్చించుకోవాలి.

షెడ్డు ఊరికి కిలోమీటరు దూరంలో ఉంటే ఈ రిమోట్లు అందవు. సిమ్ కార్డుతో నడిచే మొబైల్ స్టార్టర్ తీసుకోవాలి. 2జీ మాత్రమే ఉన్న స్టార్టర్‌లో జియో సిమ్ పనిచేయదు, కొనేముందు అడగండి. దీనికీ పైన చెప్పిన టైమర్, ఫ్లోట్ స్విచ్ అవసరమే.

పని చేయించేటప్పుడు

లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌తోనే చేయించాలి. మెయిన్ ఆపి, ఫ్యూజులు తీసి దగ్గర పెట్టుకుని, మూడు ఫేజుల్లోనూ కరెంటు లేదని మీటరుతో చూశాకే ప్యానెల్‌లో చేయి పెట్టాలి. 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీకే తెగే బ్రేకర్‌ను పంపు లైనుకు పెట్టించుకోండి. స్తంభం వైపు, ట్రాన్స్‌ఫార్మర్ వైపు ఏ పనికైనా విద్యుత్ సంస్థ సిబ్బందినే పిలవాలి, ఫిర్యాదుకు 1912. వేసవి యాజమాన్యంపై సందేహాలుంటే మామునూరు కృషి విజ్ఞాన కేంద్రాన్ని గానీ, 1800 180 1551 నంబరులో కిసాన్ కాల్ సెంటర్‌ను గానీ అడగవచ్చు.

ఈ పనంతా బ్యాచ్ ఎత్తిన తర్వాత, కొత్త పిల్లలు దిగకముందు పూర్తిచేసుకోవాలి. ముందు మోటారు తీగలు విప్పి, కాంటాక్టర్ ఒక్కటే పడుతూ లేస్తూ ఉందో లేదో ఇరవై సార్లు రిమోట్‌తో చూడండి. తర్వాత పంపు కలిపి, నడుస్తుండగా రిమోట్ బ్యాటరీ తీసేసి టైమర్ ఆపుతుందో లేదో చూడండి. ఆ తర్వాత మెయిన్ ఆపి మళ్లీ వేయండి, పంపు లేవకూడదు. రిమోట్‌లో ఉండేది ఎక్కువగా 12 వోల్టుల 23ఏ రకం చిన్న బ్యాటరీ, ప్రతి వేసవి బ్యాచ్‌కు ముందు కొత్తది వేసి, ఇంకొకటి ప్యానెల్ డబ్బా దగ్గర ఉంచుకోండి.