రికార్డు గదిలో చంద్రుడు



ఈ ప్రత్యేక సంచికకు చరిత్ర వ్యాసం ఒకటి రాయమని కార్యదర్శి గారు అడిగితే మొదట సందేహించాను. రాజుల గురించి, కోటల గురించి రాయగల పెద్దలు మన సంఘంలో చాలామంది ఉన్నారు. నాకు బాగా తెలిసినది రికార్డు గది ఒక్కటే. ఎల్.డి.సి.గా చేరిన తొలి నాలుగేళ్లు రికార్డు కీపరు పని చేశాను. ఆర్.డిస్. అయితే శాశ్వతం, డి.డిస్. అయితే పదేళ్లు, ఎల్.డిస్. అయితే ఏడాది. చెదపురుగు, ఎలుక, వాననీరు మా ముగ్గురు శత్రువులు. ఆ కళ్లజోడు పెట్టుకుని చూస్తే గొప్ప గొప్ప శాస్త్రవేత్తల చరిత్రలోనూ నాకు రికార్డు గదే కనిపించింది.

ఈ ఆలోచనకు కారణం మా మనుమడు. నా పాత కాగితాల పెట్టె చూసి, "తాతయ్యా, ఇప్పుడన్నీ కంప్యూటర్లో ఉంటాయి కదా, ఈ మూట ఎందుకు?" అన్నాడు. సమాధానం కోసం వాడి చేతనే వెతికించి, చదివించుకుని తెలుసుకున్న సంగతులివి.

1969 జూలైలో మనిషి చంద్రుడి మీద కాలు పెట్టాడు. అక్కడి నుంచి వచ్చిన టీవీ సంకేతాన్ని భూమి మీది కేంద్రాలు మాగ్నెటిక్ టేపుల మీద నేరుగా నమోదు చేశాయి. మనుషులు టీవీల్లో చూసిన బొమ్మ దాన్ని మార్చి ప్రసారం చేసిన నాసిరకం బొమ్మ. అసలు నాణ్యత ఆ టేపుల్లోనే ఉంది. నలభై ఏళ్ల తరువాత అమెరికా అంతరిక్ష సంస్థ నాసా వాటి కోసం వెతికి వెతికి, 2009లో తేల్చి చెప్పింది: కొత్త టేపుల కొరత ఉన్న రోజుల్లో వాటిని చెరిపి, మళ్లీ వాడేసుకుని ఉంటారని. చివరకు టీవీ సంస్థల దగ్గర మిగిలిన ప్రసార కాపీలనే బాగుచేసి సరిపెట్టుకున్నారు.

ఇది విని మా మనుమడు నవ్వాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఎందుకో చెబుతాను.

మా కార్యాలయానికి మొదటిసారి కంప్యూటరు వచ్చినప్పుడు పాత రిజిస్టర్లలోని వివరాలు ఎక్కించే పని నాకూ, మరొక మిత్రుడికీ అప్పగించారు. ఆరు నెలలు కూర్చుని ఫ్లాపీల్లోకి ఎక్కించాము. ఇక రిజిస్టర్లతో పని లేదనుకుని తీసివేత జాబితా తయారయింది. ఆ జాబితా కింద సంతకం నాదే. కొన్నేళ్లకు మా అటెండరు ఒకాయన సర్వీసులో ఉండగానే కాలం చేశాడు. ఆయన భార్యకు ఫ్యామిలీ పెన్షను మంజూరు కావాలంటే మధ్యలో మూడేళ్ల సర్వీసుకు రుజువు లేదు. ఫ్లాపీ తీస్తే తెరుచుకోలేదు. అది చదివే కంప్యూటరు అప్పటికే కండెమ్ అయింది. ఆ తల్లి పద్నాలుగు నెలలు మా వరండాలో బెంచీ మీద కూర్చుంది. నేను కనిపించినప్పుడల్లా లేచి నిలబడి దండం పెట్టేది. చివరకు ట్రెజరీలో మూలపడి ఉన్న పాత పే బిల్లులు వెతికితే ఆయన పేరు దొరికింది. రెండో చోట రెండో నకలు ఉండబట్టి ఆ కుటుంబం బతికింది. నా తెలివి వల్ల కాదు.

అందుకే చంద్రుడి కథలో నాకు నచ్చిన మనిషి నాన్సీ ఎవాన్స్ గారు. మనిషి దిగడానికి అనువైన చోటు వెతకడానికి 1966, 67 సంవత్సరాలలో లూనార్ ఆర్బిటర్ అనే అయిదు నౌకలను పంపి చంద్రుడిని ఫోటోలు తీయించారు. ఆ ఫోటోల అసలు రికార్డు సుమారు 1,500 టేపులు. 1986లో వాటిని ఏం చేయాలన్న ప్రశ్న నాసా రికార్డుల అధికారిణి అయిన ఆమె ముందుకు వచ్చింది. పారవేయడానికి ఆమె మనసొప్పలేదు. అయితే టేపులు ఉంటే సరిపోదు, వాటిని చదివే యంత్రాలు కావాలి. ఫ్రిజ్ అంత ఉండే ఆ యంత్రాలు అప్పటికే అరుదు. సైనిక స్థావరంలో వదిలేసిన వాటిని సంపాదించి, తన ఇంటి కారు షెడ్డులో పెట్టుకుంది. ఒకటి రెండేళ్లు కాదు, సుమారు ఇరవై ఏళ్లు!

2007లో డెన్నిస్ వింగో, కీత్ కౌయింగ్ అనే ఇద్దరు ముందుకు వచ్చి, ఆ సరంజామా అంతా కాలిఫోర్నియాలోని నాసా కేంద్రం ఆవరణలో మూతపడిన మెక్‌డొనాల్డ్స్ హోటలు భవనంలోకి చేర్చారు. 2008 నవంబరులో మొదటి బొమ్మ బయటపడింది. చంద్రుడి అంచున ఉదయిస్తున్న మన భూమి బొమ్మ అది. తీసినది 1966 ఆగస్టు 23న. ఆనాడు లోకం చూసిన దానికంటే ఎంతో స్పష్టంగా వచ్చింది. అది నలభై రెండేళ్లు టేపులోనే ఉంది, చదివే నాథుడే లేడు.

జర్మనీలో మరొక కథ. హాంబర్గ్ నగరంలో 1979 నుంచి 1986 వరకు జేడ్ అనే ప్రయోగం జరిగింది. పరమాణువు లోపలి కణాలను ఢీకొట్టించి ఫలితాలు నమోదు చేశారు. ప్రయోగం ముగిసింది, శాస్త్రవేత్తలు తలో దిక్కుకూ వెళ్లిపోయారు. తరువాత వచ్చిన పెద్ద యంత్రాలు ఇంకా ఎక్కువ శక్తితో నడిచాయి. కేంద్రకంలోని కణాలను బంధించే బలం, శక్తి పెరిగే కొద్దీ ఎలా తగ్గుతుందో చూడాలంటే తక్కువ శక్తి లెక్కలూ కావాలి కదా! అవి జేడ్ టేపుల్లో ఉన్నాయి. సీగ్‌ఫ్రీడ్ బెత్కే అనే శాస్త్రవేత్త 1990లలో వాటిని తిరిగి లేపడానికి పూనుకున్నాడు. పాత ప్రోగ్రాములు కొత్త కంప్యూటర్లలో నడవలేదు, తిరగరాయవలసి వచ్చింది. కొన్ని ముఖ్యమైన అంకెలు అచ్చు కాగితాల మీద మాత్రమే మిగిలితే చేత్తో మళ్లీ టైపు చేయించారు. ఆ శ్రమ ఫలించింది. శక్తితో పాటు ఆ బలం తగ్గుతుందన్న సిద్ధాంతానికి ఈ పాత లెక్కలు మంచి సాక్ష్యమిచ్చాయి. ఆ సిద్ధాంతకర్తలు ముగ్గురికి 2004లో నోబెల్ బహుమతి వచ్చింది.

ఈ అనుభవాలతో లోకం కళ్లు తెరిచింది. జెనీవా దగ్గరి సెర్న్ పరిశోధనా కేంద్రంలో డిస్కు నిల్వ సామర్థ్యం 2023లో పది లక్షల టెరాబైట్లు దాటింది. మన పిల్లల చేతుల్లో ఉండే 128 జీబీ సెల్‌ఫోన్లు సుమారు 78 లక్షలు పేరిస్తే అంత అవుతుంది. దీర్ఘకాలం దాచడానికి అక్కడ ఈనాటికీ టేపులే వాడుతున్నారని తెలిసి ఆశ్చర్యపోయాను. అయితే టేపును బీరువాలో పెట్టి తాళం వేసి మరిచిపోరు. కొత్త రకం టేపు రాగానే పాత దాని మీదిదంతా కొత్త దాని మీదికి ఎక్కిస్తారు. వేరే దేశాలలో నకళ్లు ఉంచుతారు. లెక్కలతో పాటు వాటిని చదివే ప్రోగ్రాములూ, అర్థం చెప్పే వివరణలూ దాచాలన్నది ఇప్పుడు నియమమైంది. మన భాషలో చెప్పాలంటే కట్టతో పాటు ఇండెక్సూ, నోటుఫైలూ ఉండాలి.

చివరగా మన హైదరాబాదు సంగతి చెప్పకపోతే వ్యాసం పూర్తికాదు. 1887లో పారిస్‌లో సమావేశమైన ఖగోళ శాస్త్రవేత్తలు ఆకాశమంతటినీ ఫోటోలు తీసి నక్షత్రాల పట్టిక తయారు చేయాలని, దేశాల వారీగా ముక్కలు పంచుకున్నారు. నవాబ్ జఫర్ జంగ్ స్థాపించిన నిజామియా వేధశాలను 1908లో నిజాం ప్రభుత్వం తీసుకున్నాక, ఆకాశంలో ఒక భాగం మన వాటాకు వచ్చింది. అది ముగిశాక మరొక భాగంలో కూడా పని చేశారు. గాజు పలకల మీద పడిన ఒక్కొక్క చుక్క స్థానాన్నీ సూక్ష్మదర్శినిలో కొలిచి, అంకెలు వేసి, పుస్తకాలుగా అచ్చు వేయించారు. టి.పి. భాస్కరన్ గారు ఆ వేధశాలకు డైరెక్టరుగా ఈ పని నడిపినవారిలో ఒకరు. అన్ని దేశాల వాటాలూ కలిపి 254 సంపుటాలయ్యాయి.

తరువాత చాలాకాలం ఆ పుస్తకాలను పట్టించుకున్నవారు తక్కువ. 1989లో ఐరోపా వారు హిప్పార్కస్ అనే ఉపగ్రహం పంపి నక్షత్రాల స్థానాలు కొత్తగా కొలిచారు. నక్షత్రం ఎటు, ఎంత జరిగిందో తెలియాలంటే పూర్వం ఎక్కడుండేదో తెలియాలి కదా! అప్పుడు ఆ పాత సంపుటాలు బయటికి తీశారు. అంకెలన్నీ కంప్యూటర్లోకి ఎక్కించారు. పాతదీ కొత్తదీ పోల్చి, 25 లక్షల నక్షత్రాల కదలికలతో టైకో-2 అనే పట్టికను 2000లో ప్రకటించారు. అందులో మన హైదరాబాదు గుమాస్తాల అంకెలూ ఉన్నాయి. కళ్లు చిట్లించుకుని అంకెలు వేసిన ఆ చిరుద్యోగులలో చాలామంది పేర్లు మనకు తెలియవు. వారి పని మాత్రం ఎన్నో దశాబ్దాలకు అక్కరకు వచ్చింది.

మా మనుమడికి నేను చెప్పిన జవాబు ఇదే: "కంప్యూటర్లో పెట్టు, వద్దనను. కాని రెండు చోట్ల పెట్టు. మూడు నాలుగేళ్లకొకసారి తెరిచి చూడు. అదేమిటో పక్కన ఒక ముక్క రాసి పెట్టు." వాడు ఈసారి నవ్వలేదు. ఆ ఆదివారమే మా పెట్టెలోని కాగితాలన్నీ ఫోటోలు తీసి, ఒక్కొక్కదానికీ పేరు పెట్టాడు. కాగితాలు మాత్రం పారేయనివ్వలేదు.

మిత్రులందరికీ నా మనవి కూడా అదే. మీ పి.పి.ఓ., బ్యాంకు పుస్తకం, నామినేషను కాగితాలకు ఒక నకలు వేరే చోట ఉంచండి. ఎక్కడున్నాయో మీ ఇంటావిడకు, పిల్లలకు ఈ రోజే చెప్పండి. మన తరువాత ఎవరూ ఏ వరండాలోనూ బెంచీ మీద కూర్చోకూడదు.

సెలవు.