ఆర్చర్ నది, రెండు కేసులు

నదిని కాపాడటానికి ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. ఆ నది ఒడ్డున తరతరాలుగా ఉన్న ఆదివాసులే కోర్టుకు వెళ్లి ఆ ఉత్తర్వును కొట్టేయించారు. ఆస్ట్రేలియాలో 2014లో జరిగిన సంగతి ఇది. వినగానే వింతగా ఉంటుంది. ఆదివాసులకు ప్రకృతి అంటే ప్రాణం కదా, మరి ఇదేమిటని మన బడి పిల్లలే అడుగుతారు. దానికి జవాబు ఒక్క ముక్కలో దొరకదు. ఆర్చర్ అనే నది కథను నలభై ఏళ్లు వెనక్కి వెళ్లి చదవాలి. గెడ్డల పక్కన, కొండల నడుమ బతికే మన ఊళ్లకూ రేపు అలాంటి కాగితం ఒకటి రావచ్చు. వచ్చిన రోజున ఏం అడగాలో మనకు తెలిసి ఉండాలి. అందుకే ఈ చరిత్ర మనకు అవసరం.

మొదటి కేసు

ఆస్ట్రేలియా పటంలో ఈశాన్య మూల వేలులాగా పైకి పొడుచుకొచ్చిన నేల కనిపిస్తుంది. అదే కేప్ యార్క్ ద్వీపకల్పం. అది క్వీన్స్‌లాండ్ రాష్ట్రంలో ఉంది. అక్కడ ఏడాదిలో వానలు కొన్ని నెలలే. ఆ నెలల్లో నదులు ఒడ్డులు దాటి పొంగుతాయి. మిగతా కాలంలో చాలాచోట్ల మడుగులుగా మిగులుతాయి. ఆర్చర్ నది తూర్పు కొండల్లో పుట్టి, పడమరకు పారి, ఔరుకూన్ అనే ఊరి దగ్గర సముద్రంలో కలుస్తుంది. ఆ నది వెంట ఉన్న మూలవాసుల్లో విక్ ప్రజలు ఒకరు.

తెల్లవాళ్లు వచ్చాక ఈ నేలంతా ఎవరిదీ కాదన్నారు. పశువుల మేతకని పెద్ద పెద్ద ముక్కలు చేసి లీజులకు ఇచ్చారు. ఆ నేల మీదే పుట్టిన వాళ్లు లీజుదార్ల దగ్గర పశువుల కాపర్లయ్యారు, లేదా మిషన్లలో బతికారు. 1976లో జాన్ కూవర్తా అనే విక్ మనిషి, ఆయనతోటి వాళ్లు ఆర్చర్ నది దగ్గరి ఒక లీజు భూమిని కొనుక్కోవాలనుకున్నారు. మూలవాసులకు భూమి కొనిపెట్టడానికి కేంద్ర ప్రభుత్వం పెట్టిన ఒక కమిషన్ డబ్బు ఇస్తానంది. అమ్మేవాడు అమ్ముతానన్నాడు. రాష్ట్ర ప్రభుత్వం మాత్రం లీజు మార్చడానికి ఒప్పుకోలేదు. పెద్ద పెద్ద భూములు ఆదిమ జనం చేతికి వెళ్లడం తమ విధానానికి సరిపడదని చెప్పింది.

కూవర్తా కోర్టుకు వెళ్లాడు. జాతి వివక్షను నిషేధిస్తూ ఆస్ట్రేలియా పార్లమెంటు 1975లో ఒక చట్టం చేసింది. దాని ఆధారంగానే ఆయన కేసు వేశాడు. ఆ చట్టమే చెల్లదని రాష్ట్ర ప్రభుత్వం వాదించింది. 1982లో హైకోర్టు తీర్పు చెప్పింది. ఆ దేశంలో హైకోర్టు అంటే అన్నిటికన్నా పై కోర్టు. ఏడుగురు జడ్జీల్లో నలుగురు చట్టం చెల్లుతుందన్నారు, ముగ్గురు కాదన్నారు. ఒక్క ఓటు తేడాతో నిలిచిన ఆ చట్టం తర్వాత దేశంలోని మూలవాసులందరికీ పనికొచ్చింది.

కూవర్తాకు మాత్రం ఆ భూమి దక్కలేదు. రాష్ట్ర ప్రభుత్వం దాన్ని నేషనల్ పార్కుగా ప్రకటించేసింది. అడవి మీద ప్రేమతో చేసిన పని కాదది. మూలవాసుల చేతికి భూమి వెళ్లకుండా వేసిన కంచె. కూవర్తా 1991లో చనిపోయాడు. ఆ పార్కులో సుమారు 75,000 హెక్టార్లు విక్ ప్రజలకు తిరిగి వచ్చింది 2012లో. అప్పటికి ఆయన పోయి ఇరవై ఏళ్లు దాటింది.

ఈ సంగతి గుర్తుంచుకుంటే తర్వాతి కథ అర్థమవుతుంది. ఆర్చర్ నది వాళ్లకు ‘రక్షణ’ అనే మాట మొదట ఆ రూపంలో పరిచయమైంది.

వన్య నది అంటే ఏది?

ఆనకట్టలు లేకుండా సహజంగా పారే నదులను చట్టంతో కాపాడాలనే ఆలోచనకు అమెరికాలో గట్టి రూపం వచ్చింది. అక్కడ 1968 అక్టోబరు 2న అధ్యక్షుడు లిండన్ జాన్సన్ వన్య నదులు, సుందర నదుల చట్టం మీద సంతకం చేశాడు. మొదట ఎనిమిది నదులను ఆ జాబితాలో చేర్చారు. జాబితాలో చేరిన నది భాగం మీద ఆనకట్టకు కేంద్ర ప్రభుత్వ అనుమతి రాదు. అప్పటికి అమెరికాలో వేలాది ఆనకట్టలు కట్టేశారు. మిగిలిన కొన్ని నదులైనా పారనివ్వండని అడిగిన వాళ్ల పోరాట ఫలితం అది. అది మంచి చట్టమే.

అయితే ఆ చట్టం ‘వన్య నది’కి చెప్పే గుర్తులు చూడండి. ఆనకట్ట ఉండకూడదు. నీళ్లు చెడిపోయి ఉండకూడదు. ఒడ్డులు ఆదిమ స్థితిలో ఉండాలి. కాలిబాట తప్ప వేరే దారి మామూలుగా ఉండకూడదు. కాలిబాట తప్ప దారి లేని ఊళ్లు మనకు తెలుసు. పడవలో షికారుకు వచ్చినవాడికి అది అందం. అదే బాటలో నిండు గర్భిణిని డోలీలో మోసుకెళ్లేవాళ్లకు అది వేరే సంగతి. నదిని మాత్రమే చూసి రాసిన నిర్వచనంలో ఒడ్డున ఉన్న మనిషి కనిపించడు. ఇంకో సంగతి కూడా ఉంది. నది ఇన్నాళ్లు చెడకుండా ఉందంటే మనుషులు లేకపోవడం వల్లనే అనుకోవడం తప్పు. ఎక్కడ చేపలు పట్టాలో, ఎప్పుడు పట్టకూడదో, ఏ మడుగు జోలికి పోకూడదో తెలిసిన మనుషులు అక్కడ ఉండబట్టి కూడా అది అలా ఉంది.

రెండో కేసు

క్వీన్స్‌లాండ్ ప్రభుత్వం 2005లో తన వన్య నదుల చట్టం చేసింది. సహజ గుణాలు పూర్తిగా గానీ దాదాపు పూర్తిగా గానీ మిగిలిన నదులను గుర్తించి, ఒక్కొక్క నదీ పరీవాహక ప్రాంతానికి విడిగా ప్రకటన ఇవ్వాలి. నదికి, దాని పెద్ద ఉపనదులకు రెండు పక్కలా ఒక కిలోమీటరు దాకా కట్టుదిట్టమైన రక్షణ పట్టీ ఉంటుంది. ఆ పట్టీలో ఆనకట్టలు, గనులు, భారీ సేద్యం లాంటివి కొత్తగా రాకూడదు. చేపల వేట, విడిది, పశువుల మేత ఆగవు. మూలవాసులకు కోర్టులు గుర్తించిన భూమి హక్కులు తగ్గవని కూడా చట్టంలో రాశారు.

2007లో మొదటి ఆరు ప్రకటనలు వచ్చాయి. కార్పెంటేరియా గల్ఫ్ వైపు మూలవాసుల భూమి సంఘం ఈ చట్టాన్ని సమర్థించింది. నదుల రక్షణకు పెట్టిన రేంజర్ ఉద్యోగాల్లో మూలవాసుల యువత చేరారు. కలుపు మొక్కలు తీయడం, అడవి పందులను అదుపు చేయడం, మంటలను చూసుకోవడం వాళ్ల పని. తమ నేల మీద తమకు జీతం వచ్చే పని అది. కాబట్టి మూలవాసులంతా ఈ చట్టానికి ఎదురు తిరిగారని రాస్తే అబద్ధం అవుతుంది.

కేప్ యార్క్‌లో కథ వేరు. 2009 మార్చిలో ఎన్నికలు జరిగి పాత పార్టీయే గెలిచింది. నదులను కాపాడతామని ఎన్నికల్లో మాట ఇచ్చింది. ఏప్రిల్ మొదట్లోనే ఆర్చర్, లాక్‌హార్ట్, స్టీవర్ట్ నదుల ప్రకటనలు వెలువడ్డాయి. కేప్ యార్క్‌కు చెందిన మూలవాసీ న్యాయవాది నోయెల్ పియర్సన్ తను నడుపుతున్న సంస్థ పదవికి రాజీనామా చేసి ఎదిరించాడు. ఎన్నో ఏళ్లు పోరాడి ఇప్పుడిప్పుడే భూమి తిరిగి తెచ్చుకుంటున్నాం, దాని మీద ఏం చేసుకోవాలో తేల్చుకునే హక్కు మాకు లేకుండా చేస్తున్నారు అన్నది ఆ వైపు వాదన. నదులన్నీ పాడుచేసుకున్న పట్టణాల వాళ్లు, పాడుచేయని మా మీద ఆంక్షలు పెట్టడం ఏమిటన్నది దాని వెనక ఉన్న బాధ.

కేసు వేసింది మార్తా కూవర్తా. జాన్ కూవర్తా భార్య. అదే ఆర్చర్ నది, అదే ఇంటిపేరు, ముప్పై ఏళ్ల తర్వాత. 2014 జూన్ 17న ఫెడరల్ కోర్టు తీర్పు ఇచ్చింది. ప్రకటనలు జాతి వివక్ష అన్న వాదనను కోర్టు ఒప్పుకోలేదు. మూడు ప్రకటనలనూ మాత్రం కొట్టేసింది. ప్రకటన చేసేముందు ప్రజలతో జరిపిన సంప్రదింపుల ఫలితాలను, వచ్చిన విన్నపాలను మంత్రి పరిశీలించాలని వన్య నదుల చట్టమే చెబుతోంది. ఎన్నికల హామీ తీర్చే తొందరలో ఆ పని సరిగా జరగలేదని కోర్టు తేల్చింది.

అదే ఏడాది, ప్రభుత్వం మారిన తర్వాత, ఆ చట్టాన్నే రద్దు చేశారు. రద్దు చేసిన ప్రభుత్వం గనులకు, అభివృద్ధికి అడ్డంకులు తగ్గిస్తామని వచ్చింది. కొన్ని నదులకు వేరే ప్రణాళికా చట్టం కింద కొంత రక్షణ మిగిలింది. మార్తా కూవర్తా గెలుపు మనకు సంతోషమే. కానీ రక్షణ బలహీనపడటం నదికి మేలు అనలేం. ఒడ్డున ఉన్నవాళ్లను మొదటే కూర్చోబెట్టుకుని రాసి ఉంటే, రద్దు చేయడానికి వచ్చిన రోజున చట్టం పక్కన నిలబడటానికి వాళ్లూ ఉండేవాళ్లు.

మన గెడ్డల మాట

మన దేశంలో వన్య నదుల కోసం ప్రత్యేకమైన కేంద్ర చట్టం లేదు. కానీ మన చేతిలో రెండు చట్టాలు ఉన్నాయి. 1996 పెసా చట్టం ప్రకారం షెడ్యూల్డ్ ప్రాంతంలో భూసేకరణకు ముందు గ్రామసభనో తగిన స్థాయి పంచాయతీనో సంప్రదించాలి. చిన్న నీటి వనరుల ప్రణాళిక, నిర్వహణ పంచాయతీలకు అప్పగించాలి. 2006 అటవీ హక్కుల చట్టం చేపల మీద, నీటి వనరుల నుంచి వచ్చే వాటి మీద సామూహిక హక్కును గుర్తించింది. పరీవాహక ప్రాంతాలను, నీటి వనరులను కాపాడే అధికారం గ్రామసభకు ఇచ్చింది.

పెసాలో ‘చిన్న’ అన్న మాట దగ్గర ఆగి ఆలోచించాలి. పెద్ద నది మన చేతికి రాలేదు. కానీ పెద్ద నది ఎక్కడి నుంచి వస్తుంది? మన ఊటలు, గెడ్డలు కలిస్తేనే నది. వంశధారనే చూద్దాం. శ్రీకాకుళం జిల్లా పొలాలు తడిపి కళింగపట్నం దగ్గర సముద్రంలో కలిసే ఆ నది ఒడిశాలో నియమగిరి ప్రాంతపు కొండల నీళ్లు మోసుకొస్తుంది. ఆ కొండ మీద బాక్సైట్ తవ్వకం గురించి గ్రామసభలను అడగమని సుప్రీంకోర్టు 2013 ఏప్రిల్‌లో చెప్పింది. ఆ ఏడాదే 12 గ్రామసభలు జరిగాయి. డోంగ్రియా కోందులు, వాళ్ల పొరుగు ఊళ్ల వాళ్లు కూర్చుని మాట్లాడారు. పన్నెండూ వద్దన్నాయి. 2014 జనవరిలో కేంద్ర పర్యావరణ శాఖ ఆ తవ్వకానికి అనుమతి నిరాకరించింది. నదిని కాపాడాలని వాళ్లు వేరే చట్టం అడగలేదు. కొండ తమ దేవుడని, ఆ నీళ్లు తమవని చెప్పారు. ఆ మాట తీర్మానంగా కాగితం మీదికి ఎక్కింది.

కేప్ యార్క్ వాళ్లు కోర్టులో గెలిచింది కూడా కాగితం మీదే. వాళ్ల విన్నపాలు ఫైల్లో ఉన్నాయి కాబట్టే, మంత్రి వాటిని సరిగా చూడలేదని కోర్టు చెప్పగలిగింది. మాటలు గాలికి పోతాయి. సభ జరిగిన తేదీ, వచ్చినవాళ్ల సంఖ్య, ఎవరు ఏమన్నారు, చివరకు ఏం తీర్మానించారు అన్నవి రాసి ఉంటే కోర్టుకు కనిపిస్తాయి. ముందే రాసి తెచ్చిన తీర్మానం కింద వేలిముద్రలు తీసుకుంటే అది సంప్రదింపు కాదు.

కాబట్టి మనలో చదువుకున్నవాళ్లకు, బడి చెప్పేవాళ్లకు ఒక పని ఉంది. మీ ఊరి గెడ్డలన్నిటి పేర్లు పిల్లలతో రాయించండి. ఏ గెడ్డ ఏ కొండలో పుడుతుంది, ఎక్కడ చేపలు పడతారు, ఏ మడుగు దగ్గర పూజ చేస్తారు, ఎండాకాలం ఏ ఊట ఆరదు అన్నది పెద్దవాళ్లను అడిగి పటం గీయించండి. ఆ పటాన్ని గ్రామసభలో చదివి, తీర్మాన పుస్తకంలో ఎక్కించి, ఒక నకలు ఊళ్లో ఉంచుకోండి. రేపు ఆనకట్టకని వచ్చినా, గనికని వచ్చినా, రక్షణ పేరుతోనే వచ్చినా, ముందు ఆ పుస్తకం తెరిచి చూడమని అడగొచ్చు.