గంట వినిపించినంత మేర: ఫిలిప్పీన్స్ పట్టణములో దేవాలయము, కౌలు భూమి

ఫిలిప్పీన్స్‌లో ఏ పాత పట్టణమునకు వెళ్లినా మొదట కనిపించేది రాతి దేవాలయము. దాని ఎదుట చతురస్రపు మైదానము, ప్రక్కనే పురపాలక భవనము, చుట్టూ కలిగినవారి ఇండ్లు, ఆ తరువాతే పొలాలు. ఈ అమరిక అనుకోకుండా ఏర్పడినది కాదు. 1565లో స్పెయిన్ పాలన ఆరంభమైన తరువాత, నదుల ఒడ్డున చెదురుగా నివసించే ప్రజలను గురువులు ఒకచోటికి చేర్చారు. దేవాలయపు గంట వినిపించినంత మేరలో ప్రజలుండాలన్నది వారి ఉద్దేశము. గంట వారిని ఆరాధనకు పిలిచింది. అయితే ఒకచోట చేరిన ప్రజలను లెక్కించడము, పన్ను వసూలు చేయడము, వెట్టికి పంపడము కూడా సులువయ్యాయి. పురుషులు ఏడాదికి 40 దినములు వెట్టి చేయవలసి వచ్చేది. 1884లో గాని అది 15 దినములకు తగ్గలేదు.

మిషను చరిత్రలలో బాప్తిస్మముల సంఖ్య తప్పక ఉంటుంది, కౌలు లెక్క అరుదుగా ఉంటుంది. ఆ రెండవ లెక్కను లగూనా రాష్ట్రములోని కలాంబా పట్టణము ఆధారముగా ఇక్కడ పరిశీలించదలిచాము.

కలాంబా చుట్టూ ఉన్న విశాలమైన భూమి మొదట జెస్యూట్ సభది. 1768లో ఆ సభ ద్వీపములనుండి బహిష్కరింపబడింది. 1833లో ఆ భూమి డొమినికన్ సన్యాస సభ చేతికి వచ్చింది. సన్యాస సభల భూములు దేశమంతటా వ్యాపించినవి కావు. మనీలా చుట్టుప్రక్కల రాష్ట్రాల్లోని మంచి భూములే అధికము. వాటిని సభలు స్వయముగా సాగు చేయలేదు. ఇంక్విలినోలు అనబడే పెద్ద కౌలుదారులు ఏటా కౌలు చెల్లించి భూమి తీసుకునేవారు. వారు దానిని కసమాలకు ఇచ్చేవారు. కసమా అంటే మన పల్లెల్లో సంగోరుకు సాగు చేసే రైతు వంటివాడు: పంటలో సగము అతనిది, అందులోనూ తిండికి తీసుకున్న అప్పు కళ్లములోనే మినహాయింపు. కాబట్టి ఒక్క మడి మీద మూడు చేతులుండేవి. సభ దేవాలయము పేరిట, ఇంక్విలినో కాగితము పేరిట భూమిని చూపగలిగేవారు. కసమాకు చూపడానికి ఏమీ లేదు.

ఈ వ్యవస్థపై 1745లోనే మనీలా పరిసరాల్లో తిరుగుబాటు వచ్చింది. కలాంబాలో సంక్షోభము 1880వ దశకములో, చెరకు సాగు చేసే కౌలుదారులను చక్కెర ధరల పతనము కృంగదీసినప్పుడు ముదిరింది. జాతీయ నాయకుడు హోసే రిజాల్ కుటుంబము అక్కడ వందల హెక్టార్లు కౌలుకు చేసేది. కౌలుదారుల ఫిర్యాదును 1888 జనవరిలో ప్రభుత్వానికి వ్రాసి ఇవ్వడములో రిజాల్ సహాయపడ్డాడు. ఆ మరుసటి ఏడు అతని అక్క లూసియా భర్త మరణించగా, పాపసంకీర్తన చేయలేదనే కారణముతో పవిత్ర స్థలములో సమాధికి చోటివ్వలేదు. సంఘ క్రమశిక్షణ ఎక్కడ ముగిసిందో, భూస్వామి కోపము ఎక్కడ మొదలైందో ఆ పట్టణ ప్రజలు విడదీసి చూడగలిగారని మేము అనుకోము. సభ దావా వేసి గెలిచింది. 1890–91లో గవర్నర్ జనరల్ వెయ్లర్ సైన్యాన్ని పంపి కుటుంబాలను ఖాళీ చేయించాడు. రిజాల్ తలిదండ్రులు ఇల్లు విడిచారు, అన్న పసియానో మిండోరోకు ప్రవాసము పంపబడ్డాడు. నాబోతు ద్రాక్షతోట వృత్తాంతమును బోధించే కాపరులకు ఈ సంఘటన క్రొత్తగా తోచదు. కాని ఇక్కడ తోట కోరినవాడు రాజు కాడు.

రిజాల్ కుటుంబము బీదది కాదన్న మాట కూడా చెప్పాలి. ఈ చరిత్రలో మనకు పేర్లతో కనిపించేవారు ఎక్కువగా ఇంక్విలినోలే. వారి క్రింది కసమాలు ఎవరో చరిత్ర గ్రంథాలు చాలావరకు చెప్పవు.

అమెరికా పాలన వచ్చాక టాఫ్ట్ 1902లో రోముకు వెళ్లి పోపు లియో XIIIతో ఈ భూముల సంగతి చర్చించాడు. 1903 డిసెంబరులో సుమారు 1,65,000 హెక్టార్లను దాదాపు 72 లక్షల డాలర్లకు కొనే ఒప్పందము కుదిరింది. కలాంబా భూమి కూడా అందులో ఉంది. 1904 చట్టము సాగులో ఉన్నవారికే మొదటి అవకాశమిచ్చింది, అయితే వెల వడ్డీతో సహా కట్టాలి. కట్టగలిగినది ఎక్కువగా ఇంక్విలినోలే. కసమా క్రొత్త యజమాని క్రింద కసమాగానే మిగిలాడు. 1935 మేలో సక్దల్ ఉద్యమ రైతులు ఆయుధాలు పట్టినప్పుడు రక్తపాతము జరిగిన పట్టణాలలో కలాంబాకు సమీపములోని కబుయావ్ ఒకటి.

కలాంబాను ఆనుకొనే లోస్ బాన్యోస్ ఉంది. 1960లో అంతర్జాతీయ వరి పరిశోధనా సంస్థ అక్కడే స్థాపించబడింది. 1966లో అక్కడ విడుదలైన ఐ.ఆర్.8 వరిని మరుసటి ఏడే పశ్చిమ గోదావరిలోని ఆచంటలో సాగు చేశారు. మన కాపరులలో పెద్దవారికి ఆ వంగడము పేరు తెలిసే ఉంటుంది. విత్తనము సముద్రము దాటివచ్చినంత వేగముగా భూమి హక్కు మాత్రము కదలలేదు. 1963లో, 1972లో, 1988లో భూసంస్కరణ చట్టాలు వచ్చాయి. వాటి క్రింద భూమి పొందిన రైతులు వెల చెల్లించలేక అప్పులో ఉండిపోయారు. 2023 జూలైలో సుమారు 6 లక్షల 10 వేలమంది రైతుల 5,700 కోట్లకు పైగా పెసోల బకాయిని ఒక చట్టము రద్దు చేసింది.