నగరాల్లో వీధి వ్యాపారులకు స్థలం: 2014 చట్టం ఏం చెబుతోంది?

నగరాలు విస్తరిస్తున్నకొద్దీ నివాసాలకు, రహదారులకు, వాహనాల పార్కింగ్‌కు ప్రణాళికల్లో స్థలం కేటాయిస్తున్నారు. కూరగాయలు, పండ్లు, అల్పాహారం అమ్ముకొనేవారికి మాత్రం చాలాచోట్ల అలాంటి కేటాయింపు ఉండటం లేదు. ఫలితంగా వారు కాలిబాటలపై దుకాణాలు పెట్టుకోవడం, అధికారులు తొలగించడం, కొన్నాళ్లకు మళ్లీ అక్కడికే చేరుకోవడం పరిపాటిగా మారింది.

కాలిబాటపై వ్యాపారం రాజ్యాంగంలోని 19(1)(జి) అధికరణ పరిధిలోకి వస్తుందని, అయితే అది సహేతుకమైన ఆంక్షలకు లోబడి ఉంటుందని 1989లో సోదన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. అనంతరం పార్లమెంటు ఆమోదించిన వీధి వ్యాపారుల (జీవనోపాధి పరిరక్షణ, వీధి వ్యాపార నియంత్రణ) చట్టం 2014 మే 1న అమల్లోకి వచ్చింది.

ఈ చట్టం ప్రకారం టౌన్ వెండింగ్ కమిటీ అయిదేళ్లకు కనీసం ఒకసారి సర్వే జరపాలి. గుర్తించినవారికి వార్డు, జోన్ లేదా నగర జనాభాలో 2.5 శాతం పరిమితికి లోబడి వెండింగ్ జోన్లలో చోటు కల్పించాలి. కమిటీలో కనీసం 40 శాతం మంది వ్యాపారులు ఎన్నుకొన్న ప్రతినిధులై ఉండాలి. వారిలో మూడోవంతు మహిళలకు కేటాయించాలి. సర్వే పూర్తయి, ధ్రువపత్రాలు జారీ అయ్యేవరకు ఎవరినీ తొలగించరాదు. ఆ తర్వాత కూడా తరలింపునకు 30 రోజుల ముందస్తు నోటీసు తప్పనిసరి.

కొవిడ్ సమయంలో, 2020 జూన్‌లో కేంద్రం ప్రారంభించిన పీఎం స్వనిధి పథకం కింద వీధి వ్యాపారులకు తొలివిడతగా రూ.10 వేల వరకు రుణం అందించారు. అయితే కూర్చొనే చోటుకే భరోసా లేనప్పుడు, ఆ రుణంతో కొన్న సరకుకూ భరోసా ఉండదు. ముందు సర్వే, తర్వాత స్థల కేటాయింపు, ఆపైనే నియంత్రణ అన్న క్రమాన్ని పాటిస్తేనే వ్యాపారి జీవనోపాధికి, పాదచారి దారికి రక్షణ లభిస్తుంది.