పట్టా మీద రంపం

పోయిన చలికాలం ఆస్టిన్‌లో మా ఇంటి గ్యారేజీలో పుస్తకాల బీరువా ఒకటి చేద్దామని కూర్చున్నాను. తణుకు నుంచి మోసుకొచ్చిన పుస్తకాలు నాలుగేళ్ళుగా అట్టపెట్టెల్లోనే మగ్గుతున్నాయి. నాన్న వడ్రంగి. నలభై ఏళ్ళు ఊళ్ళోవాళ్ళ తలుపులూ, కిటికీలూ, మంచాలూ చేసిన మనిషి. ఆయన కొడుకు బజారుకెళ్ళి బీరువా కొనుక్కురావడమేమిటని పౌరుషం వచ్చి, బీరువాకి బదులు ఒక రంపం కొన్నాను.

దాన్ని ఇక్కడ ట్రాక్ సా అంటారు. గుండ్రటి బ్లేడున్న కరెంటు రంపం, పొడుగాటి అల్యూమినియం పట్టా మీద రైలుబండిలా జారుతుంది. పట్టాని గీత మీద పెట్టి రంపాన్ని తోసుకుంటూ పోతే, చెయ్యి తిరగనివాడు కూడా ఎనిమిదడుగుల ప్లైవుడ్ షీటుని తిన్నగా కొయ్యొచ్చు. పేరున్న జర్మన్ కంపెనీదైతే 600 డాలర్ల పైమాటే. నేను కొన్నది 150 డాలర్లది. దాని పేరు ఎవరూ విని ఉండరు, నేనూ చెప్పను.

మొదటి కోత అద్భుతంగా అనిపించింది. రెండు పలకలు కోసి, ఆ అంచుల్ని ఎదురెదురుగా ఆనించి చూస్తే మధ్యలో పోస్టుకార్డు దూరేంత సందు. వీడియో కాల్‌లో నాన్నకి చూపించాను.

"రంపం సంగతి తర్వాత. ముందా పట్టా తిన్నగుందో లేదో చూసేవా?" అన్నాడు.

చూడలేదు. తిన్నదనం కోసమే కదా దాన్ని కొన్నది! ఆ రాత్రి చిరాకుతో ఈ రంపం ఎక్కడినుంచి వచ్చిందో చదవడం మొదలుపెట్టాను. చదవగా తెలిసింది: ఇది వడ్రంగి చేతిలో ఉండే తిన్నదనం కొంచెం కొంచెంగా పనిముట్టులోకి మారిన కథ.

చేత్తో పట్టుకుని కోసే కరెంటు రంపానికి మూలం, ఎవరూ ఊహించని విధంగా, చెరుకు తోటలో ఉంది. 1920ల మొదట్లో ఎడ్మండ్ మిషెల్ అనే ఆయన అమెరికాలో లూసియానా ప్రాంతంలో కూలీలు కత్తులతో చెరుకు కొట్టడం చూసి, కత్తికి మోటారు తగిలిస్తే ఎలా ఉంటుందని ఆలోచించాడు. పాలపానీయం గిలక్కొట్టే యంత్రంలోంచి చిన్న మోటారు తీసి ప్రయోగాలు చేశాడు. ఆ సంగతి పేపర్లో చదివిన జోసెఫ్ సల్లివన్ అనే వ్యాపారి ఇది చెరుక్కన్నా చెక్కకి పనికొస్తుందని గ్రహించాడు. 1924లో ఇద్దరూ కలిసి కంపెనీ పెట్టారు. రెండేళ్ళకి దాని పేరు స్కిల్‌సా అయింది. 1937లో వాళ్ళు తెచ్చిన మోడల్ 77 వంశం ఇప్పటికీ అమ్ముడుపోతూనే ఉంది. చెరుకు బళ్ళ వెనకాల పరిగెత్తి గడలు లాగిన తణుకు పిల్లాడిగా, ఇది చదివి నాకు నవ్వొచ్చింది.

ఆ రంపం వేగాన్ని ఇచ్చింది, తిన్నదనాన్ని ఇవ్వలేదు. దూలాలు కొయ్యడానికి అది చాలు, బీరువాకి చాలదు. పొడుగాటి షీటు మీద రంపం ఏమాత్రం పక్కకి ఒరిగినా గీత పాడవుతుంది. అందుకని వడ్రంగులు గీతకి కాస్త పక్కగా తిన్నటి చెక్కపట్టీ బిగించి, దానికి ఆనించి రంపాన్ని తోసేవాళ్ళు. ఇది ఎవరు కనిపెట్టారని అడక్కూడదు, అవసరమైన ప్రతిచోటా ఎవరో ఒకరు కనిపెట్టే ఉంటారు. మా నాన్న కూడా మార్బుల్ కొయ్యడానికి చేసిన కట్టర్ మిషన్‌కి చెక్క బ్లేడు వేసి, ప్లైవుడ్ మీద పట్టీ మేకులతో కొట్టి కోసేవాడు.

ఆ చెక్కపట్టీని పనిముట్టులో భాగం చేసింది జర్మన్లు. స్టుట్‌గార్ట్‌లో ఫైన్ కంపెనీ చేతితో పట్టుకునే కరెంటు డ్రిల్లుని 1895లోనే తయారుచేసింది. అదే ప్రాంతంలో 1925లో ఆల్బర్ట్ ఫెట్సర్, గాట్లీబ్ ష్టోల్ ఒక వర్క్‌షాపు పెట్టారు. ఇద్దరి పేర్లూ కలిసి ఫెస్టో అయింది. పనిముట్ల విభాగం తర్వాత ఫెస్టూల్‌గా విడిపోయింది. 1960ల్లో వీళ్ళు రంపానికి జోడీగా లోహపు పట్టాని తయారుచేశారు.

ఆ పట్టాలో రెండు మంచి ఆలోచనలున్నాయి. ఒకటి, పట్టా మీద ఉబ్బెత్తు గట్టు, రంపం అడుగున దానికి సరిపడే గాడి. రెండోది పట్టా అంచున ఉండే మెత్తటి రబ్బరు పట్టీ. మొదటిసారి వాడినప్పుడు రంపం ఆ రబ్బరుని కూడా తన కొలతకి కోసేస్తుంది. ఇక ఆ రంపం సరిగ్గా ఎక్కడ కోస్తుందో రబ్బరు అంచే చెబుతుంది, లెక్కలు కట్టక్కర్లేదు. పైగా అది చెక్కని అదిమి పట్టి పెచ్చులు లేవకుండా ఆపుతుంది. తర్వాతి కాలపు రంపాల్లో ఇంకోటి చేరింది. బ్లేడు ఒక డొక్కులో దాక్కుని ఉంటుంది. నొక్కితేనే కిందికి దిగుతుంది, వదిలితే మళ్ళీ లోపలికి పోతుంది.

చాలాకాలం ఇది ఖరీదైన యూరప్ షాపుల సరుకుగానే ఉంది. కానీ పేటెంటు అనేది ఇరవై ఏళ్ళ కౌలు లాంటిది, గడువు తీరాక పొలం అందరిదీ. 2000ల చివరికి మకీటా, డీవాల్ట్ రంగంలోకి దిగాయి. మకీటా రంపం ఫెస్టూల్ పట్టా మీద కూడా నడుస్తుంది, డీవాల్ట్ మాత్రం తన పట్టాని వేరేగా చేసుకుంది. ఆ తర్వాత ఊరూపేరూ తెలియని కంపెనీలు డజన్లకొద్దీ వచ్చాయి. జర్మనీదంటే మంచిది, చైనాదంటే చవకది అనే పాత లెక్క కూడా ఇక్కడ నిలవదు. కరెంటు రంపానికి అమెరికాలో మారుపేరైపోయిన స్కిల్ బ్రాండు 2017లో బాష్ చేతిలోంచి నాన్‌జింగ్‌కి చెందిన షెర్వాన్ చేతికి వెళ్ళింది.

ఇలా ఒకసారి ముందే జరిగింది. లెనర్డ్ బెయిలీ అనే ఆయన రూపొందించిన ఇనప చిత్రికల వ్యాపారాన్ని 1869లో స్టాన్లీ కంపెనీ కొనేసింది. ఆ పేటెంట్ల గడువు తీరాక ప్రపంచమంతా అవే చిత్రికలు చేసింది. ఏటేటా చవకయ్యాయి, ఏటేటా నాసిరకమయ్యాయి కూడా. 1981లో థామస్ లీ-నీల్సన్ అనే అమెరికన్ పాత స్టాన్లీ నమూనాలనే తీసుకుని శ్రద్ధగా పోతపోసి, అరగదీసి, చాలా ఎక్కువ ధరకి అమ్మడం మొదలుపెట్టాడు. ఆ చిత్రికలకి ఇప్పుడెంత పేరో వడ్రంగం పిచ్చి ఉన్న ఎవర్నడిగినా చెబుతారు. ఆ నమూనా అప్పటికి ఎవరైనా చేసుకోగలిగినదే. జనం డబ్బిచ్చింది ఆలోచనకి కాదు, నగిషీకి.

రంపాల విషయంలోనూ అంతే. కాగితం మీద చూస్తే ఫెస్టూల్ టీఎస్ 55 మోటారు 1200 వాట్లు, బ్లేడు 160 మిల్లీమీటర్లు. చవక రంపాల్లో 1200, 1400 వాట్లవి బోలెడున్నాయి. తేడా కాగితం మీదికి రాని చోట ఉంది. ఖరీదైన రంపంతో 1400 మిల్లీమీటర్ల పట్టా ఒకే ముక్కగా వస్తుంది. నాది రెండు 700 ముక్కలు, మధ్యలో ఒక కడ్డీ, నాలుగు చిన్న స్క్రూలు. అక్కడే కొంప మునిగింది.

నాన్న చెప్పిన పరీక్ష చేశాను. ప్లైవుడ్ మీద పట్టా అంచు వెంట పెన్సిలు గీత గీసి, పట్టాని తల అటూ తోక ఇటూ తిప్పి, అదే అంచుని గీతకి రెండోవైపు నుంచి ఆనించి మళ్ళీ గీశాను. పట్టా తిన్నగుంటే రెండు గీతలూ ఒకటైపోవాలి. నావి మధ్యలో విడిపోయాయి. ఆ ఎడం అసలు వంకరకి రెట్టింపు, అంటే తప్పుని ఆ పరీక్షే పెద్దది చేసి చూపిస్తుంది. మూలమట్టాలూ బద్దలూ ఇలాగే చూసుకునేవాళ్ళంట. స్క్రూలు వదులు చేసి, రెండు ముక్కల్నీ షీటు ఫ్యాక్టరీ అంచుకి అదిమిపెట్టి మళ్ళీ బిగించాను. తర్వాత రంపం అడుగున ఉన్న మరలు తిప్పి, గట్టు మీద అది అటూ ఇటూ ఊగకుండా సరిచేశాను. బ్లేడు నిలువుగా తొంభై డిగ్రీలకి ఆగడం లేదని తేలింది, అదీ సరిచేశాను. దాంతోపాటు వచ్చిన ముతక బ్లేడు తీసేసి, ఎక్కువ పళ్ళున్న మంచి బ్లేడు వేశాను. ఒక శనివారం మొత్తం పట్టింది. ఆదివారం కోసిన పలకల మధ్య కాగితం కూడా దూరలేదు.

ఇది చెబితే నాన్న ఆశ్చర్యపోలేదు. "కొత్త రంపం కొంటే కోతకొచ్చినట్టేనా ఏంట్రా? పళ్ళు తియ్యొద్దూ?" అన్నాడు. ఆయన కాలంలో పనిముట్టు పూర్తయి వచ్చేది కాదు. రంపం కొన్నాక పళ్ళని ఒకటటూ ఒకటిటూ వంచి, ఆకురాయితో రాసి పదును పెట్టుకోవాలి. చిత్రికకి ఇనుము మాత్రం కొని, మొండెం తుమ్మచెక్కతో తనే చేసుకునేవాడు. ఆ మిగిలిన సగం పని వడ్రంగిదే.

ఖరీదైన రంపం కొన్నవాడు ఆ సగం పనిని ఫ్యాక్టరీ చేత చేయించుకుంటున్నాడు. దాన్ని వట్టి డాబు అనడం అన్యాయం. రోజుకి పది షీట్లు కోసి బతికేవాడికి నా శనివారం అంటే ఒక రోజు కూలి. పైగా మరలు తిప్పితే బాగుపడనివీ ఉంటాయి. బేరింగులు, పల్చటి అడుగురేకు, ఆరేళ్ళ తర్వాత దొరకాల్సిన విడిభాగాలు. నా రంపం ఆరేళ్ళుంటుందని నేను పందెం కాయను.

నన్ను ఇబ్బంది పెట్టింది మాత్రం వేరే. చవక పనిముట్టు ఎక్కువ నేర్పు అడుగుతుంది. డబ్బున్నవాడికి నేర్పు లేకపోయినా నడుస్తుంది. లేనివాడు నేర్పునీ పొద్దునీ కలిపి ధర కట్టాలి. నాకు ఫోనులో నాన్న ఉన్నాడు కాబట్టి గట్టెక్కాను. లేనివాళ్ళు తమకి చేతకాదనుకుని రంపాన్ని మూలన పడేస్తారు. తప్పు రెండు ముక్కల మధ్య ఉన్న నాలుగు స్క్రూలదని వాళ్ళకి ఎవరు చెబుతారు?

ఇంకొక్క మాట. నాన్న ఎడమచేతి చూపుడువేలుకి కొస లేదు. నేను ఇంటర్ చదివేటప్పుడు ఒక ఇంటి పనిలో కట్టర్ మిషన్ పట్టీ మీంచి ఎగిరింది. గీత కనపడ్డం లేదని మిషన్ గార్డు ఎవరో ముందే తీసేశారు. ఆ సంగతి ఆయన ఎప్పుడూ మాట్లాడడు. బీరువా పూర్తయిన రోజు వీడియోలో రంపాన్ని చూపిస్తూ పిడి నొక్కి వదిలాను. బ్లేడు కిందికి దిగి, టక్కున డొక్కులోకి వెళ్ళిపోయింది.

"ఇంకోసారి చూపించు," అన్నాడు.

చూపించాను. మూడోసారి కూడా చూపించాను. ఈ రంపం వల్ల వేళ్ళు పోవని కాదు, వెనక్కి తన్నే గుణం దీనికీ ఉంది. కానీ కొయ్యనప్పుడు బ్లేడు బయట ఉండకూడదన్న ఆలోచన 600 డాలర్ల రంపంలో ఎంతుందో 150 డాలర్ల దాంట్లోనూ అంతే ఉంది. చవకైపోయిన వాటిలో అదొకటి ఉన్నందుకు నేను ఆ ఊరూపేరూ లేని కంపెనీకి రుణపడ్డాను.

"ఈసారొచ్చేటప్పుడు అదొకటి పట్టుకురా," అన్నాడు నాన్న.

అక్కడి కరెంటుకి ఇది ఆడదని, హైదరాబాదులో మంచిది చూసి కొందామని చెప్పాను. ఎలాంటిది కావాలని అడిగాను.

"ఏదోటి. పట్టాలు మాత్రం నువ్వు అతక్కు, నేను చూసుకుంటాను."